దుప్పటి బడతపెట్టు!

"ఊళ్ళో మన కార్లన్నీ అరుస్తున్నాయయ్యా!" అన్నాడు ఫోన్లో మా బాసు.

ఆయన్ని మేం ఉరుము సార్ అంటాం. బాగున్నావా అని అడిగినా ఎక్కడో పిడుగు పడినట్టే ఉంటుంది.

"ఏమని అరుస్తున్నాయి సార్?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"విను!"

ముక్కు దిబ్బడేసిన గొంతొకటి ఫోన్లోంచి గావుకేక పెట్టింది. "లేవరా బాబూ! ఆవిడ వచ్చేస్తోంది! దుప్పటి బడతపెట్టు!"

నా గుండె జారి చెప్పుల్లో పడింది.

ఆ గొంతు నాదే.

అసలు సంగతి చెబుతాను, నవ్వకండి. మాది ట్యాక్సీల కంపెనీ. డ్రైవర్ల ఫోన్లలో ఉండే యాప్‌ని నేను ఇంట్లో కూర్చుని రాస్తాను. మా ఆవిడ అదే కంపెనీలో ట్యాక్సీ నడుపుతుంది. అంటే నేను రాసినదాన్ని నమ్ముకుని ఊరంతా తిరిగేది ఆవిడే, సాయంత్రం నా మీద తిరగబడేదీ ఆవిడే.

భోంచేశాక నాకు కాస్త నడుం వాల్చే అలవాటు. ఆఫీసు వేళలో అది నేరం. ఆవిడ ఏ క్షణాన ఇంటిమీద పడుతుందో తెలీదు. రెండుసార్లు దొరికిపోయాను.

అందుకని యాప్‌లో ఓ చిన్న ఏర్పాటు చేసుకున్నాను. ఆవిడ కారు మా వీధి మలుపు తిరగ్గానే నా ఫోను నన్ను లేపాలి. ఉత్త గంటకి లేచే రకం కాదు నేను. అందుకే నా గొంతే రికార్డు చేశాను. ఎవరి చెవినైనా పడితే గుర్తుపట్టకుండా, ముక్కు మూసుకుని మరీ.

అంతలో కంపెనీవాళ్ళు యాప్‌లోని లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మార్చమన్నారు. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. ఎవరో రాసిపెట్టిన సరంజామా, మన యాప్‌కి తగిలించుకుంటాం. డ్రైవర్లకి "ఎడమకు తిరగండి" అని చెప్పేది అదే.

ఇల్లు మారేవాడు అటకమీది సామాను చూసుకోకుండా లారీ ఎక్కించినట్టు, పాతదాంట్లోని శబ్దాలన్నీ మూటగట్టి కొత్తదాంట్లోకి ఎత్తేశాను. "ఈ ఒక్క కారుకి, ఈ ఒక్క మలుపులో, నా ఒక్కడి ఫోన్లో" అన్న నా షరతుని పాత వెర్షన్ గుట్టుగా పాటించేది. కొత్తది ఆ షరతుని చదవనే లేదు.

ఇక చూడండి. ప్రతి కారులో, ప్రతి మలుపులో నా అరుపే!

"వెనకసీట్లో కునుకు తీస్తున్న లాయరుగారు ఉలిక్కిపడి లేచి కోటు మడతపెట్టాడట!" ఉరుము సార్ ఉరిమాడు. "ఇంకో కారులో మొగుడూ పెళ్ళాలు. ఆవిడెవరు అని ఆమె, ఏ ఆవిడ అని అతను. వాళ్ళు దిగలేదు, డ్రైవరే దిగి పారిపోయాడు!"

"ఇదిగో తీసేస్తున్నాను సార్!"

"తియ్యి. దొంగ దొరికాడులే. ముక్కు దిబ్బడ, మడతని బడత అనడం. మన దగ్గర అలా మాట్లాడేది ఒక్కడే. జలుబు! ఈరోజుతో వాడి ఉద్యోగం ఆఖరు."

జలుబు మా ఆఫీసులోనే పనిచేస్తాడు. పుట్టినప్పట్నుంచీ పడిశమే. ఈగని కొట్టినా సారీ చెప్పే మనిషి. పైగా వాళ్ళావిడకి నెలలు నిండాయి.

"పాపం సార్, వాడు కాదేమో..."

"నీకేమైనా తెలుసా?"

నోరు తెరిచాను. నా ఉద్యోగం గుర్తొచ్చింది. మూసేశాను.

శబ్దం పీకేశాను. ఊళ్ళో అరుపులు ఆగాయి. అంతలో జలుబే ఫోన్ చేశాడు.

"దేదు కాదురా! బా ఆవిడ ఏడుస్తోంది. దువ్వైదా చెప్పరా సార్‌కి!"

"చెబుతాలేరా," అన్నాను. నా గొంతంటే నాకే అసహ్యమేసింది.

తలుపు తెరుచుకుంది. మా ఆవిడ. వెనకాల ఉరుము సార్.

"శబ్దం పోయిందో లేదో చూడాలని సార్ ఇటే వస్తానంటే నేనే తీసుకొచ్చానండీ."

"కారు చప్పుడు వినపడలేదే?"

"మలుపు అవతలే ఆపి నడిచొస్తాను, రోజూ. కిటికీలోంచి మీ కునుకు చూసి వెళ్ళిపోతాను."

"రోజూనా?"

"రెండుసార్లు దొరికిన మనిషి, ఆ తరవాత నేను కారులో వచ్చినప్పుడల్లా మెలకువగా కనబడితే, బుద్ధి వచ్చినట్టా, ఏదో ఏర్పాటు చేసుకున్నట్టా?"

దొరికిపోయానని నాకర్థమైంది. సార్‌కి మాత్రం ఇంకా విషయం ఎక్కలేదు. "అమ్మా, మీ ఇంటి గొడవ తరవాత. జలుబుగాడిని పంపించే కాగితం..."

"ఆ గొంతు మీ ఫోన్లో ఉంచుకున్నారుగా సార్. ఇంకోసారి వినిపించండి."

వినిపించాడు. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

"పట్టపగలు దుప్పటితో ఎవరికి పని సార్? జలుబు గారి కుర్చీ దగ్గర దుప్పటి ఉందా?"

సార్ చూపు నా మంచం మీదికి వెళ్ళింది. సగం మంచం మీద, సగం నేల మీద, నా దుప్పటి.

"కానీ గొంతు ఇతనిది కాదు కదమ్మా. ఏదీ, నువ్వు అను!"

వార్తలు చదివేవాడిలా అన్నాను. "దుప్పటి మ...మడతపెట్టు."

"చూశావా, మడత అన్నాడు!"

అమ్మయ్య అనుకున్నాను. ఆ ఊపిరి సగంలో ఉండగానే మా ఆవిడ దగ్గరికొచ్చి, రోజంతా స్టీరింగు తిప్పే ఆ రెండు వేళ్ళతో నా ముక్కు పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పండి. ఆ గొంతు ఎవరిది? అక్కడ ఓ నిండు చూలాలు ఏడుస్తోందని జలుబు గారు నాకు ఫోన్ చేశారు."

గిలగిల్లాడాను. పట్టు సడలలేదు. సార్ చెవి రిక్కించి దగ్గరికి వంగాడు. జలుబు గొంతు నా తలలో మళ్ళీ మోగింది.

"దేదే సార్!" అన్నాను.