మొదటి పేజీ, ఆఖరి పేజీ

ఆ ఇల్లాలికి భర్త మీద ఉన్న ఫిర్యాదు చాలా చిన్నది. ఆయన దేన్నీ మధ్యలో చదవడు. బీమా కంపెనీలో ఇరవై ఏళ్లుగా ఫైళ్లు చూస్తున్న మనిషి. మొదటి పేజీలో ఏం అడిగారో, ఆఖరి పేజీలో ఏం తేల్చారో చూసి సంతకం పెట్టేస్తాడు. ఆఫీసులో దాన్ని చురుకుదనం అంటారట. ఆవిడ దానికి ఇంకో పేరు పెట్టుకుంది గాని, పైకి అనదు.

ఆ శనివారం పొద్దున ఆవిడ పెట్టుకున్న పని ఒక్కటే, లైబ్రరీ పుస్తకం ఇచ్చేసి ఇంకోటి తెప్పించుకోవడం. పుస్తకం వెనక అంటించిన కాగితం మీద అభిప్రాయం రాయనిదే అక్కడ మరోటి ఇవ్వరు. ఆవిడ చేతులేమో గిన్నెల సబ్బులో ఉన్నాయి.

"ఏమండీ, దాని వెనక నాలుగు ముక్కలు రాసిపెడుదురూ!"

"దేని గురించది?"

"కాలేజీ అమ్మాయి గురించి. నవల."

ఆయన మొదటి పేజీ తిప్పాడు. అమ్మాయి పెట్టె మోసుకుంటూ హాస్టల్లో అడుగుపెడుతోంది. ఆఖరి పేజీలో అదే పెట్టెతో నవ్వుకుంటూ గేటు దాటుతోంది. చదువు పూర్తయిందన్నమాట! "ఈ అమ్మాయి చేసిన పనే ప్రతి ఆడపిల్లా చెయ్యాలి. మా అమ్మాయి చేస్తే తండ్రిగా గర్వపడతాను" అని రాసి సంతకం గిలికాడు.

నిజానికి ఆ అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడు మధ్యలో వదిలేసి గేటు దాటుతుంది. వీళ్లమ్మాయిదీ ఇంజనీరింగ్ మూడో ఏడే. అది మానేసి, చెవులు వినపడని పిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణలో చేరతానని ఆరు నెలలుగా తల్లి దగ్గర ఏడుస్తోంది. తండ్రి ముందు నోరు పెగలదు. ఇల్లాలు భర్త రాసింది రెండుసార్లు చదివి, చేతులు తుడుచుకుని, పుస్తకాన్ని అప్పటికే ఆ నవల చదివేసిన కూతురి చేతికే ఇచ్చి పంపింది.

గంటలో పిల్ల ఎర్రబడ్డ కళ్లతో వచ్చి తండ్రిని చుట్టేసుకుంది. "థాంక్స్ నాన్నా! నువ్వింత పని చేస్తావని కల్లో కూడా అనుకోలేదు."

పాత గొడుగు బాగాలేదని పిల్ల సణిగితే ముందురోజే ఆయన కొత్తది కొన్నాడు, ఈ థాంక్స్ దానికే అనుకున్నాడు. "దానికేముందే! ఇష్టం లేనిదాన్ని ఎన్నాళ్లని మోస్తావు?" అన్నాడు. పిల్ల మళ్లీ ఏడ్చింది.

సోమవారం అది కాలేజీ వదిలే దరఖాస్తు ముందు పెడితే, పైన "ప్రిన్సిపాల్ గారికి" అనీ, కింద "ఇట్లు" అనీ చూసి ఆయన సంతకం చేశాడు. ఈలోగా లైబ్రేరియన్ ఆ అభిప్రాయాన్ని నోటీసు బోర్డుకెక్కించాడు. దాని కింద ఒకరు "ఈ తండ్రికి నమస్కారం" అని రాస్తే, ఇంకొకరు "ఇలాంటివాళ్ల వల్లే పిల్లలు చెడుతున్నారు" అని రాశారు. ఆదివారం లైబ్రరీ సభలో ఆ నవల గురించి మాట్లాడాలని ఆయనకు పిలుపొచ్చింది. ఆయన చొక్కా ఇస్త్రీకి వేశాడు.

బుధవారం కాలేజీ గుమస్తా ఫోన్ చేశాడు. "అమ్మాయి సర్టిఫికెట్లు ఎప్పుడు పట్టుకెళ్తారండీ?"

ఆయన అరుపుకి ఇల్లు అదిరింది. "ఎవర్నడిగి మానేస్తుందట?"

"మీరేగా రాశారు. దరఖాస్తు మీద సంతకమూ మీదే" అంది ఇల్లాలు, పప్పు ఏరుతూ.

"ఆ పుస్తకం ఇలా తెప్పించు! ఆదివారం దాని సంగతి తేలుస్తాను."

గురువారం ఎర్ర కలంతో చదివాడు. శుక్రవారం కలం మూత పెట్టేశాడు. శనివారం రెండుసార్లు కూతురి గది తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

సభలో ఆయన నవలను తిడుతూ రాసుకున్న నాలుగు కాగితాలు జేబులోంచి తీశాడు, మళ్లీ మడిచి లోపల పెట్టుకున్నాడు.

"నేనీ నవల చదవకుండా రాశాను" అన్నాడు. జనం నవ్వారు. "ఇప్పుడు చదివాను. రెండొందల పేజీలు ఆ పిల్ల భయపడుతూనే ఉంటుంది. వాళ్ల నాన్న మార్కులడుగుతాడు, ఫీజు కడతాడు. ఎలా ఉన్నావమ్మా అని మాత్రం అడగడు." కూతురి వైపు చూశాడు. "నేనూ అడగలేదు చిట్టీ. సర్టిఫికెట్లు రేపు ఇద్దరం వెళ్లి తెచ్చుకుందాం. తప్పు నాదే."

పాతికేళ్ల కాపురంలో ఆ మాట మొదటిసారి విన్న ఇల్లాలు, ఇంకోసారి అనమని అడగబోయి, అత్యాశ మంచిది కాదని ఊరుకుంది.