సగం చీటీ, సున్నా పులుపు

ఒక పెద్ద అడవిలో పెరుగు పులిసిపోవడం ప్రభుత్వ సమస్య అయి కూర్చుంది. పోయినేడు పట్టాభిషేకం పండగ విందులో ఏనుగురాజుకి దంతాలు మొదలంటా జివ్వుమన్నాయి. ఈసారి మంచి పెరుగు రాకపోతే ప్రయోగశాలకి తాళం వేయిస్తానన్నాడు రాజు.

ఆ ప్రయోగశాల ముంగిస వరాలుది. మూడేళ్లు తిండీ నిద్రా మాని, తోడులోని సూక్ష్మజీవులకి నచ్చజెప్పే ఉపాయం కనిపెట్టింది పాపం. ప్రయోగశాల పోతే దాని ప్రాణం పోయినట్టే.

కానీ అడవిలో ఏ పనికైనా కమిటీ సంతకం కావాలి. ఏదో ఒక సవరణ చెయ్యకుండా సంతకం పెట్టడం కమిటీకి నామోషీ. అధ్యక్షుడు నక్క. ఉన్న ఒక్క సభ్యుడూ ఎలుగుబంటి, కూర్చున్న చోటే కునుకు తీసే రకం.

"సూక్ష్మజీవి లోపల ఒక పెద్ద పుస్తకం ఉంటుందండీ," అని మొదలెట్టింది వరాలు. "ఏ పని చెయ్యాలన్నా అందులోంచి నకళ్లు బయటికొస్తాయి. పులుపు చెయ్యమనే నకలుంది చూశారూ, దాని మొదటి వాక్యానికి అంటుకునే చీటీ ఒకటి తయారుచేశాను. చిన్న ఆర్‌ఎన్‌ఏ అంటారు. మొదలు కనబడకపోతే, నకళ్లు చదివి పనిచేసే లోపలి పనివాళ్లు ఆ నకలు పక్కన పడేస్తారు. పులుపు నకళ్లన్నీ ఆగవు, కొన్నే ఆగుతాయి. అందుకని పులుపు తగ్గుతుంది, పెరుగూ తోడుకుంటుంది. పుస్తకం జోలికి పోనక్కర్లేదు."

"రూలు మార్చకుండా పని ఆపడమా? మా ఆఫీసులో పుట్టిన విద్యేగా ఇది," అన్నాడు నక్క. "చీటీ మరీ పొడుగుంది. సగానికి కత్తిరించు."

వరాలు అడ్డుపడింది. "అయ్యా, పొట్టి చీటీకి ఒకటి రెండు మాటలు కలిస్తే చాలు, ఏ నకలుకైనా అంటుకుపోతుంది."

"ఒక్క చీటీతో అన్ని పనులా? ఇంకా మంచిదేగా అమ్మాయ్."

"నాదీ అదే మాట," అన్నాడు ఎలుగుబంటి కళ్లు తెరవకుండా.

విందునాడు కుండ మూత తీశారు. సగం చీటీ అన్ని నకళ్లకీ అంటుకుపోయి, సూక్ష్మజీవులు ఏ పనీ ముట్టుకోలేదు. పోసిన పాలు పోసినట్టే ఉన్నాయి.

"ఇవి పాలు కదయ్యా," అన్నాడు ఏనుగురాజు.

"పులుపేమైనా తగిలిందా ప్రభూ?" అన్నాడు నక్క.

"లేదు."

"అదంతా సవరణ మహిమ. చీటీ సగానికి కుదించమన్నది నేనే."

రాజు తొండం ఊపాడు. "కుదిస్తే ఇంత మేలన్నమాట. అయితే కమిటీని కూడా సగానికి కుదిద్దాం. నువ్వు తెలివైనవాడివి, ఎక్కడైనా బతికేస్తావు. నువ్వే తప్పుకో. పులుపు పోయింది సరే, వారంలో పెరుగు కనబడకపోతే ప్రయోగశాలకి తాళమే."

నక్క తోక ముడుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడే వరాలు పొడుగు చీటీ కాగితాలు పట్టుకెళ్లి ఎలుగుబంటి ముందు పెట్టింది. ఆయన గురక ఆపకుండానే సంతకం గీసేశాడు. నాలుగో రోజుకి కుండ నిండా కమ్మటి గడ్డ పెరుగు.

నీతి: మంచి పని జరగాలంటే, సంతకం పెట్టేవాడు నిద్రలో ఉండాలి.