రూపాయి పడిన శుభవేళ

"దిర్హం ఇరవై నాలుగు రూపాయలు దాటిన శుభసందర్భంగా గ్రామ ప్రజలకు హార్దిక శుభాకాంక్షలు" అంటూ రాయికల్ పక్కనున్న ఆ ఊరి పంచాయతీ ఆఫీసు ముందు ఫ్లెక్సీ వెలిసింది. దాని మీద చేతులు జోడించి నవ్వుతున్న పెద్దమనిషి సర్పంచి శ్యాంసుందర్ రావు. రూపాయి పడిపోవడంలో ఆయన పాత్ర ఏమిటని అడగకండి. ఫ్లెక్సీ మీద ఎవరుంటే వారే కారకులు. మన దేశంలో ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి.

ఆ ఊళ్లో ఇంటికొకరు దుబాయిలో ఉన్నారు. అక్కడి దిర్హం ఇక్కడికొచ్చేసరికి ఎన్ని రూపాయలవుతుందో దాన్నే ఊరంతా రేటు అంటారు. బియ్యానికి, బంగారానికి ధర ఉంటుంది గానీ రేటు మాత్రం దిర్హానిదే. టీవీలో అమ్మాయి మొహం వేలాడేసుకుని "రూపాయి భారీ పతనం" అనగానే, బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి "రేటు పెరిగిందటనే!" అని సంబరపడతారు. బడిలో సంధ్యారాణి టీచర్ "రూపాయి విలువ పడిపోతే ఏమవుతుంది?" అని అడిగితే నాలుగో తరగతి పిల్ల లేచి "మా ఇంట్ల యాట కూర అయితది టీచర్" అంది. టీచర్ భర్త కువైట్‌లో ఉంటాడు కాబట్టి ఆ జవాబుకు పూర్తి మార్కులు పడ్డాయి. ఆ వారమే మంచినూనె ధర ఎందుకు పెరిగిందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. కోమటి దుకాణాన్ని నాలుగు తిట్టి ఊరుకున్నారు.

ఇలాంటి శుభవేళ మధుకర్ ఊళ్లో దిగాడు. సెలవు మీద వచ్చి ఉంటే ఎవరూ ఏమీ అనకపోదురు. వీసా క్యాన్సల్ చేసుకుని, పూర్తిగా వచ్చేశాడు.

పాపం, అతను తొందరపడి చేసిన పని కాదది. రేటు పన్నెండున్నప్పుడు వెళ్లాడు. పదిహేనుకు వస్తానంటే తండ్రి బుచ్చన్న "ఇప్పుడిప్పుడే పెరుగుతాంది, జర ఆగు కొడుకా" అన్నాడు. పద్దెనిమిదికి వస్తానంటే "గింత మంచి రేటు ఇడిసిపెట్టి ఎవడన్న అస్తడా?" అన్నాడు. మధ్యలో కాస్త దిగింది. అప్పుడు వస్తానంటే "దిగినప్పుడు అచ్చి ఏం జేస్తవ్? పెరిగినంక రా" అన్నాడు. పెరిగితే పెరిగిందని, తగ్గితే తగ్గిందని ఆగీ ఆగీ మధుకర్ తల నెరిసింది. కూతురు సంగీత ఫోన్లో అయితే గలగలా మాట్లాడేది. సెలవు మీద వచ్చి ఎదురుగా కూచుంటే మాత్రం కొత్తమనిషిని చూసినట్టు వంటింట్లోకి పోయేది. ఏ రేటు దగ్గర మనిషి ఇంటికి రావచ్చో చెప్పేవాడు ఎవడూ లేడని మధుకర్‌కు ఒకరోజు తెలిసొచ్చింది. తెలిసిన మర్నాడే బయల్దేరాడు.

గల్ఫు నుంచి వచ్చినవాడిని "ఎప్పుడచ్చినవ్?" అని అడిగి, జవాబు వినకుండానే "మళ్లెప్పుడు పోతవ్?" అనడం ఆ ఊరి మర్యాద. చాయ్ హోటల్ భూమన్న ఆ మర్యాద పాటించాడు.

"పోను. ఈడనే ఉంట" అన్నాడు మధుకర్.

భూమన్న చేతిలో గిన్నె కింద పెట్టేశాడు. "ఏమైంది తమ్మీ, పానం మంచిగ లేదా?"

మధ్యాహ్నానికి మధుకర్‌కు కిడ్నీలు పోయాయి. సాయంత్రానికి అతను కంపెనీలో దొంగతనం చేసి పట్టుబడ్డాడు. ఇల్లు యాదికొచ్చి వచ్చి ఉంటాడన్న అనుమానం మాత్రం ఊళ్లో ఒక్కరికీ రాలేదు.

విషయం సర్పంచి దాకా పోయింది. రావు గారికి కోరుట్ల రోడ్డు మీద ప్లాట్లున్నాయి, కొనేవాళ్లంతా దుబాయిలో ఉన్నారు. ఒకడు వాపసు వస్తే రేపు పదిమంది వస్తారు. అందుకే గ్రామ శ్రేయస్సు దృష్ట్యా రేటు పెరిగినందుకు పెట్టిన అభినందన సభలోనే మైకు పట్టుకున్నారు.

"సోదర సోదరీమణులారా! రూపాయి ఇంతగా దిగజారిందంటే అది మనందరి సమష్టి కృషి. సరిహద్దులో సైనికుడు, దుబాయిలో మనవాడు, ఇద్దరిదీ దేశసేవే. ఇటువంటి చారిత్రక ఘడియలో ఒక సైనికుడు వెనుదిరిగాడు. పేరు చెప్పను. ముందు వరుసలో కూచున్నాడు." అంతటితో ఆగలేక, "ఏం రా మధుకర్, ఇరవై నాలుగున్నప్పుడు ఎవడన్న అస్తడారా? ఊరి ఇజ్జత్ ఏం గావాలె?" అన్నారు.

మధుకర్ లేచాడు. "దొరా, మీ కొడుకు విశ్వజిత్ హైదరాబాద్‌కెంచి నెల నెలా అస్తడు గదా. ఆయన ఏ రేటు జూస్కొని అస్తడు?"

రావు గారు మైకును రెండు తట్లు తట్టి, జనగణమన అందుకున్నారు. అందరూ లేచి నిలబడ్డారు.

మధుకర్ మొండివాడు. అయినా ఉంటాననే అన్నాడు. జగిత్యాలలో పని అడిగితే షాపు యజమాని అతన్ని ఎగాదిగా చూసి, తన అల్లుడికో వీసా ఇప్పించమన్నాడు. సిరిసిల్లలో మరమగ్గాల సేటు "గింత రేటు ఉండంగ మా ఊరికెందుకచ్చినవ్ భాయ్?" అని చాయ్ తాగించి పంపాడు. భార్య రజని ఒక్కతే "ఉండు, ఏదన్న జేసుకుందాం" అంది. అని, సంగీత కాలేజీ ఫీజు గుర్తొచ్చి మాట మింగేసింది. ఆ మింగడం మధుకర్ చూశాడు.

ఇక అతన్ని మళ్లీ పంపడానికి ఊరంతా ఒక్కటైంది. అదే ఊళ్లో ముసలమ్మ పింఛను కాగితం మీద సంతకానికి నెలల తరబడి తిరగాలి. మధుకర్ కొత్త వీసా మాత్రం చకచకా వచ్చేసింది. రావు గారు స్వయంగా శాలువా కప్పారు.

కారెక్కుతూ మధుకర్ కూతురి తల నిమిరి, "రూపాయి లేచిన్నాడు అచ్చేస్త బిడ్డ" అన్నాడు.

మధుకర్ తల్లి బుచ్చవ్వ గబుక్కున ముందుకొచ్చింది. "గసొంటి మాట నోట్లెకెంచి రానియ్యకు కొడుకా!" అని అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. కారు కదిలాక కళ్లొత్తుకుని బస్సెక్కి కొండగట్టుకు పోయింది. కొబ్బరికాయ కొట్టి, రూపాయిని ఎన్నటికీ లేవనియ్యద్దని అంజన్నకు మొక్కుకుంది. కొడుకు ఎన్నటికీ ఇంటికి రావద్దని మొక్కినట్టయిందని ఆమెకు తోచలేదు. ఆమెకు తోచలేదు సరే, తోచిన మనం ఆ కొడుక్కి ఇక్కడ ఏ పని చూపించాం గనక!