తుక్కు బస్సుల వెనక తెల్ల గులాబీ

బస్ డిపో టైమ్‌కీపర్‌ని అందరూ బకెట్టాయన అంటారు. ఎనిమిదేళ్ళుగా పూల ప్రదర్శనలో మొదటి బహుమతి వాళ్ళావిడ గులాబీలదే మరి. వాటి వెనక నీళ్ళ బకెట్టు మోసుకుంటూ వెళ్ళేది ఈయన.

అలాంటి మనిషికి ఓ రోజు డిపో వెనక తుక్కు బస్సుల మధ్య ఎవరూ నాటని గులాబీ పొద ఒకటి కనబడింది. పగిలిన కిటికీలోంచి దూరి, డ్రైవర్ సీటు ఎక్కి కూర్చుని, గుత్తులు గుత్తులుగా తెల్లగా పూసేసింది. బకెట్టాయన గుండె డబుల్ బెల్ కొట్టింది.

"ఈసారి బహుమతి నాదే!"

ఒక్కటే చిక్కు. దరఖాస్తులో రకం పేరు రాయాలి. ఆ పేరు చెప్పగల మనిషి ఒక్కరే. ఆవిడ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏమే, మా డిపోలో ఒకాయన అడుగుతున్నాడు. ఐదు రేకుల తెల్ల గులాబీని ఏమంటారట?"

"ఒక్కో రెమ్మకి ఎన్ని ఆకులున్నాయట?"

"ఉంటాయిలే, చాలానే."

"ఆయన్ని వెళ్ళి లెక్కపెట్టమనండి."

మర్నాడు లెక్కపెట్టి వచ్చాడు. "ఏడట."

"ముళ్ళు నిటారుగా ఉన్నాయా, కొక్కేల్లా వంగి ఉన్నాయా?"

ఆ మర్నాడు చిరిగిన చొక్కాతో ఇల్లు చేరాడు. "కొక్కేలే! అంటే... కొక్కేలట."

"చొక్కాకేమైందండీ?"

"బస్సు తలుపు పట్టుకుంది."

"సరే, వాసన ఎలా ఉందో కనుక్కోండి."

మూడోరోజు వాసన చూడబోతే తేనెటీగ కుట్టింది. ముక్కు ముందూ, మనిషి వెనకా ఇంట్లోకి వచ్చారు.

"లవంగాల వాసనట," అన్నాడు మూలుగుతూ.

"అయ్యో! మీ డిపో ఆయన్ని ముక్కుకి ఐసు పెట్టుకోమనండి," అంది ఆవిడ నవ్వు బిగబట్టుకుని. "పేరు మాత్రం ఇంకా ఆలోచించాలి."

ప్రదర్శన తెల్లవారితేనే. ఇక ఆగలేక, దరఖాస్తులో రకం పేరు తనే రాసేశాడు: డిపో సుందరి.

పొద్దున్నే డ్యూటీ ఉందని చెప్పి, పూలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ప్రదర్శనకి పరిగెత్తాడు. గుమాస్తా డబ్బాలోకి తొంగి చూశాడు.

"ఇది ఇందాకే నమోదైందండీ. అదిగో, ఆ బల్ల మీద."

బల్ల మీద జాడీలో అవే పూలు. కార్డు మీద 'కస్తూరి గులాబీ'. పక్కన వాళ్ళావిడ.

"అన్యాయం! ఈ మొక్కని కనిపెట్టింది నేను!"

"అవునండీ. మొక్కని మీరు కనిపెట్టారు. మిమ్మల్ని నేను కనిపెడుతూ ఉన్నా. నిన్న మీ వెనకే వచ్చిన బస్సులో డిపోకి వచ్చా. తేనెటీగ కుట్టాక మీరేసిన గంతులు కూడా చూశా. మీరు డ్యూటీకెళ్ళాక నాలుగు గుత్తులు కోసుకుని ఇల్లు చేరా."

"మరి పేరు తెలిసీ నాకెందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడు అడిగారు? అడిగింది మీ డిపో ఆయన కదా!"

అంతలో మైకులో ప్రకటన వచ్చింది. అడవిపూల విభాగంలో మొదటి బహుమతి కస్తూరి గులాబీకి, దాన్ని తెచ్చిన దంపతులకి! దరఖాస్తులో ఆవిడ ఇద్దరి పేర్లూ రాసింది. పైన ఆయనదే.

వద్దు వద్దంటున్నా చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించింది. నిర్వాహకుడు మైకు చేతికిచ్చి, పువ్వు గురించి రెండు ముక్కలు చెప్పమన్నాడు.

బకెట్టాయన వాచిన ముక్కు తడుముకున్నాడు.

"వాసన అద్భుతం," అన్నాడు. "కాకపోతే కాస్త దూరం నుంచి చూడండి. మిగతాది మా ఆవిడ చెబుతుంది."