చల్లని ఇల్లు, నంబరు పదిహేడు

నగరంలో ఎండల గురించి ఇకమీదట ఎవరూ పరేషాన్ కావలసిన అవసరం లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఐదు విశ్వవిద్యాలయాలు ఒక్కటై ఆ బాధ్యతను తలకెత్తుకున్నాయి. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం పదకొండో అంతస్తులో 'వాతావరణ మార్పుల సంయుక్త పరిశోధన భాగస్వామ్యం' కార్యాలయం రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఎండ పడకుండా అక్కడ కిటికీలకు రోజంతా తెరలు దించి ఉంచుతారు. తెరలు దించితే చీకటి కనుక రోజంతా లైట్లు వేస్తారు. లైట్ల వేడి తగలకుండా ఏసీ పద్దెనిమిదిలో పెడతారు. ఆ విధంగా పరిశోధనకు అనువైన వాతావరణం ఏర్పడింది.

విశ్వవిద్యాలయాల పేర్లు ఇక్కడ రాయలేకపోతున్నందుకు మన్నించాలి. ఏ పేరు ముందు రాయాలన్నది ఇంకా తేలలేదు. మొదటి ఏడాది సమావేశాలన్నీ దాని మీదే జరిగాయి. చివరికి ఐదు చిహ్నాలనూ గుండ్రంగా వేస్తే ఎవరూ ముందు కారు, ఎవరూ వెనక కారు అని ఒక మార్గం దొరికింది. పలక తయారై వచ్చి గోడకెక్కాక, గుండ్రానికి కూడా పైభాగం అంటూ ఒకటి ఉంటుందని ఒక ఉపకులపతి గమనించారు. అప్పటినుంచి ప్రతి సోమవారం ఆ పలకను కాస్త తిప్పుతున్నారు. తిప్పే పని సీతాబాయిది.

సీతాబాయి ఆ ఆఫీసులో టీ పెడుతుంది, గదులు తుడుస్తుంది. ఉండేది బోరబండలో, రేకుల కప్పు ఉన్న ఒంటి గదిలో. కొడుకు జీడిమెట్లలో మందుల కంపెనీలో పనికి పోతాడు. కోడలు అశ్విని, మూడు నెలల మనవరాలు ఇంట్లో ఉంటారు. బోరబండలో రైలెక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. భాగస్వామ్యానికీ, అది పరిశోధిస్తున్న వేడికీ మధ్య దూరం ఆ ఒక్క స్టేషను. దాన్ని రోజూ దాటుతున్నది సీతాబాయి ఒక్కతే.

ఒప్పందం మీద సంతకాలు నిరుడు మే నెలలో జరిగాయి. పెద్దలందరికీ శాలువాలు కప్పారు. సాధారణంగా శాలువా కప్పించుకున్నవారు ఫొటో కాగానే దాన్ని తీసి మడత పెట్టుకుంటారు. ఆ రోజు హాల్లో చలికి ఎవరూ తీయలేదు. ఎండల తీవ్రత మీద మూడు గంటల పాటు ప్రసంగాలు శాలువాలు కప్పుకునే విన్నారు.

పని పంపకం ఎంత పకడ్బందీగా జరిగిందో చెప్పుకోవాలి. బోరబండలో ఇరవై రేకుల ఇళ్ళు ఎంచుకుని, ఒక్కో ఇంట్లో సబ్బు పెట్టె అంత పరికరం తగిలించాలి. అది గంటగంటకూ వేడిని కొలిచి తనంతట తానే పంపుతుంది. పగటి వేడి సగటున ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటిన ఇంటి రేకుల మీద, ఎండను తిప్పికొట్టే తెల్ల పూత ఉచితంగా వేయిస్తారు. పరికరాలు తగిలించడం మొదటి విశ్వవిద్యాలయం పని. వచ్చిన అంకెలు సరిచూడడం రెండోదానిది. లెక్కకట్టడం మూడోదానిది. అర్థం చెప్పడం నాలుగోదానిది. లోకానికి చాటడం ఐదోదానిది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరాదు, ఒకరినొకరు నేరుగా ప్రశ్నలు అడగరాదు. ఏదైనా ఉంటే సమన్వయ సంఘానికి రాయాలి. ఐదుగురు తోడికోడళ్ళు ఉన్న ఇంట్లో బియ్యం ఒకరు కడిగి, ఎసరు ఒకరు పోసి, పొయ్యి ఒకరు వెలిగించి, గంజి ఒకరు వార్చి, వడ్డన ఒకరు చేసినట్టు. ఉప్పు చూడడం ఎవరి వంతో రాసుకోలేదు.

పూత డబ్బాలు ఇరవై ముందే వచ్చేశాయి. ఎక్కడ పెట్టాలో తెలియక ఆఫీసులో టీ పెట్టే ప్యాంట్రీలో గోడ వారగా పేర్చారు. 'ఫలితాలు తేలేవరకు మూత తీయరాదు' అని ప్రతి డబ్బాకూ కాగితం అంటించారు. సీతాబాయి రోజూ వాటిని జరిపి, ఊడ్చి, మళ్ళీ యథాస్థానంలో పెట్టేది.

మార్చి నెలాఖరున మొదటి విశ్వవిద్యాలయం తరఫున జ్యోత్స్న బోరబండ వెళ్ళింది. కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉండి పరిశోధన చేసుకునే అమ్మాయి. సీతాబాయి గదిలో గోడకు పరికరం తగిలించి, దాని మీద 'గృహం 17' అని చీటీ అంటించి, ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకుని, దాన్ని తెలుగులో చదివి వినిపించింది.

"దీన్ని ఆపకూడదండి. తడపకూడదండి. నలభై రెండు డిగ్రీలు దాటితే పాడైపోతుందట, కాబట్టి కాస్త జాగ్రత్తగా చూసుకోవాలండి. చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకోండి, చాలు."

"పాడైతె?" అంది సీతాబాయి.

"మీరు సంతకం పెట్టారు కదండీ. పూచీ మీదేనని ఉంది."

అశ్విని ఊయల ఊపుతూనే అంది: "పెట్టెకు ఉడుకపోస్తదని కాయిదం రాసుకొచ్చిండ్రు. మా పిల్లకు గూడ గట్ల ఒకటి రాసియ్యరాదు, మేడం."

జ్యోత్స్న కాగితం మళ్ళీ ఒకసారి తిరగేసింది. పిల్లలకు సంబంధించిన అంశం అసలు ఏ విశ్వవిద్యాలయం వంతుకూ రాలేదు.

ఏప్రిల్ మొదటివారంలోనే రేకులు కాలడం మొదలైంది. పాప వీపు నిండా చెమటకాయలు లేచి, చీము పట్టాయి. బస్తీ దవాఖానలో డాక్టరమ్మ మందు రాసిచ్చి, "పగటిపూట చల్లని జాగల ఉంచుండ్రి" అంది. చల్లని జాగ ఎక్కడుందో చీటీలో రాయలేదు. అశ్విని ఊయలకు తడిచీర చుట్టింది. అది గంటలో ఆరిపోయేది. మళ్ళీ తడిపేది. నల్లా రెండురోజులకొకసారి వచ్చేది.

ఒకరోజు సీతాబాయి పాలనాధికారి ప్రభుదాస్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, గా డబ్బ ఒక్కటి ఇయ్యరాదు. రేకులకు మేమే ఏసుకుంటం. పిల్ల ఆగమైతుంది."

"ఇవ్వడానికి నాకేమమ్మా. మీ ఇంట్లో వేడి ఉందని తేలాలి కదా."

"ఉన్నది సార్. చెప్తున్న గద."

"నువ్వు చెప్తే అది మాట అవుతుందమ్మా. పెట్టె చెప్తే సమాచారం అవుతుంది. ఆ పెట్టెను మాత్రం జాగ్రత్తగా చూసుకో."

సీతాబాయి చూసుకుంది. ఇంట్లో నలభై రెండు దాటుతోందని ఆమెకు పెట్టె చెప్పనక్కరలేదు. పాడైతే పూచీ తనది. పైగా పూత రావాలంటే పెట్టె బతికి ఉండాలి. అందుకని మర్నాటినుంచి పొద్దున్నే దాన్ని గోడ మీదినుంచి తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, టిఫిన్ సంచిలో పెట్టుకుని రైలెక్కేది. ఆఫీసులో టీపొడి డబ్బా పక్కన నిలబెట్టేది. సాయంత్రం మళ్ళీ తీసుకుపోయి మేకుకు తగిలించేది. ఆపలేదు, తడపలేదు. చంటిపిల్లను చూసుకున్నట్టే చూసుకుంది. చంటిపిల్లను మాత్రం ఆఫీసుకు తీసుకురావడానికి నిబంధనలు ఒప్పుకోవు.

అంకెలు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి క్రమశిక్షణతో ప్రయాణించాయి. గృహం 17 లో పగటివేళ పందొమ్మిది డిగ్రీలు ఉన్నట్టు రెండో విశ్వవిద్యాలయం గమనించింది. అంకెలు స్పష్టంగా ఉన్నాయా అని చూడడమే తమ పని, అవి ఎంతో స్పష్టంగా ఉన్నాయి. మూడోది సగటు కట్టింది. నాలుగోదానిలో పెద్దలు అర్థం చెప్పారు: రేకుల ఇళ్ళవారి దగ్గర తరతరాల సంప్రదాయ శీతలీకరణ జ్ఞానం ఉంది. ఆదివారాల్లో మాత్రం అదే ఇంట్లో సగటున ముప్పై తొమ్మిది ఎందుకుంటోందన్న ప్రశ్న వచ్చింది. సంప్రదాయ జ్ఞానం కూడా వారానికొకరోజు విశ్రాంతి తీసుకుంటుందని అడుగున చిన్న అక్షరాల్లో రాసి దాన్ని పరిష్కరించారు. వీరిలో ఒక్కరు రైలెక్కి ఒక్క స్టేషను వెళ్ళి చూస్తే సరిపోయేది కదా అని మీకు అనిపించవచ్చు. పరికరం తగిలించడం మొదటి విశ్వవిద్యాలయం పని అని పైన మనవి చేశాం.

మే మూడోవారంలో ఫలితాల ప్రకటన సభ జరిగింది. భాగస్వామ్య అధ్యక్షులు ఆచార్య శివశంకర్ ప్రసంగించారు.

"మిత్రులారా, మనం పూతల గురించి ఆలోచిస్తున్నాం. కానీ బోరబండలో ఒక సామాన్య గృహిణి ఏ పూతా లేకుండా, ఏ యంత్రమూ లేకుండా తన ఇంటిని ఈ హాలంత చల్లగా ఉంచుకుంటున్నది. ఆమె పేరు మనకు తెలియదు. తెలుసుకోకూడదు, అది పరిశోధన నీతి. ఆ అజ్ఞాత మాతృమూర్తికి ఈ సభ చేతులు జోడిస్తున్నది."

సభ లేచి నిలబడి చేతులు జోడించింది. అజ్ఞాత మాతృమూర్తి ట్రే పట్టుకుని వరసల మధ్య నిలబడి ఉండడంవల్ల, కాళ్ళు జాపుకోవడానికి కొందరికి ఇబ్బంది అయింది. గృహం 17 కు 'ఆదర్శ శీతల గృహం' పలక ప్రకటించారు. ఒక ఇల్లు చేయగలిగింది పందొమ్మిది ఇళ్ళు ఎందుకు చేయలేకపోతున్నాయన్నది ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న కనుక, పూత కార్యక్రమం ఆపి, ఆ పందొమ్మిది ఇళ్ళవారికి అవగాహన తరగతులు పెట్టాలని తీర్మానించారు.

జ్యోత్స్న టీ కప్పు పక్కన పెట్టేసింది. సభ అవగానే ప్యాంట్రీలోకి వెళ్ళింది.

"సీతాబాయి గారూ, పదిహేడు మీ ఇల్లే కదండీ. పగలు అంత చల్లగా ఎలా ఉంటోందండి?"

"చల్లగ ఏడిది మేడం. పిల్ల వీపు ఎట్లయిందో వచ్చి చూడుండ్రి."

"మరి పరికరం?"

సీతాబాయి గర్వంగా టీపొడి డబ్బా వైపు చూపించింది. "బంగారమోలె చూసుకుంటున్న. ఒక్కనాడు గూడ ఎండ తగలనియ్యలే. ఇగ రంగు ఏస్తరా?"

జ్యోత్స్న టీపొడి డబ్బా పక్కనున్న పెట్టెను తీసి, దాని మీది 'గృహం 17' చీటీ చూసింది.

ఆ సాయంత్రమే ఆమె సమన్వయ సంఘానికి ఉన్నదున్నట్టు రాసింది. సంఘం దాన్ని దోషనివారణ ఉపసంఘానికి పంపింది. ఉపసంఘం తీవ్రంగా ఆలోచించింది. నివేదిక అచ్చయింది, పలక చెక్కారు, అంకెలు మార్చడం కుదరదు. అంకెలు నిజమే, పరికరమూ మంచిదే. తప్పల్లా ఇంటిది. అంకెలు వచ్చిన చోట ఇల్లు లేకపోవడం వల్లనే ఈ చిక్కంతా. కాబట్టి ఏప్రిల్ నుంచి వర్తించేలా ఆఫీసు ప్యాంట్రీయే గృహం 17 అని ఏకగ్రీవంగా నిర్ణయించి, పలకను అక్కడ బిగించారు. బోరబండలోని గది అధ్యయనంలో లేని గది కనుక దానికి పూత అన్న ప్రశ్నే ఉత్పన్నం కాదు.

మార్పుల పత్రం నింపే పని జ్యోత్స్నకే పడింది. చిరునామా మార్చి, కాగితం సీతాబాయి చేతికి ఇస్తూ నెమ్మదిగా అంది: "చిరునామా ఒక్కటే మార్చమన్నారండి. ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు అలాగే ఉంచేశాను. మీరు, మీ అబ్బాయి, అశ్విని, పాప. ముద్ర కూడా పడింది."

సీతాబాయి కాగితం వైపు చూసింది, పలక వైపు చూసింది, ప్యాంట్రీ మూలవైపు చూసింది. కాగితాన్ని మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకుని టీ కప్పులు కడిగింది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి అశ్విని పాపను ఎత్తుకుని అత్త వెంట పదకొండో అంతస్తులో దిగింది. గార్డు అడ్డుకుంటే సీతాబాయి కాగితం చూపించింది.

"ఇదేంటమ్మా, ఆఫీసుకు పిల్లను తెచ్చావు?" అన్నాడు ప్రభుదాస్.

"ఆఫీసుకు కాదు సార్. మా ఇంటికి తెచ్చిన."

ప్రభుదాస్ కాగితం అటూ ఇటూ తిప్పి శివశంకర్ గారికి ఫోన్ చేశాడు. ఇంట్లోంచి కుటుంబాన్ని పంపించేస్తే అది ఇల్లు కాకుండా పోతుందనీ, ఇల్లు కాకపోతే పలక పోతుందనీ, పలక పోతే నివేదిక పోతుందనీ ఆచార్యులవారు వెంటనే గ్రహించారు. గృహం 17 పని వేళల్లో మాత్రమే నివాసయోగ్యమని ఉత్తర్వు ఇచ్చారు.

పూత డబ్బాల వెనక చీరతో ఊయల కట్టారు. పద్దెనిమిది డిగ్రీలు పాపకు మరీ చలి కావడంతో, నిరుటి శాలువా ఒకటి మిగిలి ఉంటే కప్పారు. పదిరోజుల్లో వీపు మానింది. అతిథులు వచ్చినప్పుడు ఊయల దగ్గర ఫొటోలు దిగుతున్నారు. సాయంత్రం ఆరింటికి ఏసీ ఆపగానే అత్తా కోడళ్ళు పాపను ఎత్తుకుని బోరబండ రైలెక్కుతారు. అక్కడి గది ఏ పట్టికలోనూ లేదు కనుక అందులో వేడి కూడా లేదు.

అవగాహన తరగతికి వెళ్ళొచ్చిన పక్కింటి మొగిలి ఒకనాడు గడపలో కూర్చుని అడిగాడు: "అక్కా, ఇల్లు చల్లగుంచుడు నీ తాన నేర్చుకోమన్నరు. మాకు గూడ జర చెప్పరాదు."

"ఏం లేదు తమ్మీ," అంది సీతాబాయి. "ఎండ రాకముందే ఇల్లు ఇడిశిపెట్టి పోవాలె."

భాగస్వామ్యం ఈ పద్ధతిని నగరమంతా విస్తరించాలని చూస్తోంది. నిజానికి అది ఇప్పటికే విస్తరించిందని మా అనుమానం. మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి ఈ వేసవిలో పిలవకముందే వస్తూ, పని అయ్యాక కూడా వెంటనే కదలడం లేదేమో గమనించండి. మీ పడకగదిని ఒకటికి రెండుసార్లు తుడుస్తోందేమో చూడండి. మీ మీద అభిమానంతోనే అనుకుని సంతోషించండి. అనుమానం వస్తే ఆమె ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకోవచ్చు, మహా అయితే ఒక స్టేషను దూరం ఉంటుంది. కానీ ఈ ఎండలో ఎక్కడికి వెళ్తారు, కాస్త ఆ తలుపు దగ్గరగా వేయండి, చల్లదనం బయటికి పోతోంది.