పద్దెనిమిది నిమిషాల పేరెంట్స్ మీటింగు

పేరెంట్స్ మీటింగులో పేరెంట్స్ మాట్లాడకూడదు! మా బడి తల్లిదండ్రుల సంఘం కార్యదర్శిగా, పూర్తి బాధ్యతతో ఈ మాట అంటున్నాను. మాట్లాడుకోవాలంటే ఇళ్ళున్నాయి, టీ అంగళ్ళున్నాయి, వాట్సాప్ గ్రూపుంది. బంగారం లాంటి మీటింగును మాటలతో పాడుచేసుకోవడం ఎందుకండీ?

నాకు ముందు కార్యదర్శిగా ఉన్న బాలచంద్ర హయాంలో మీటింగంటే సంతే. పదింటికి మొదలైతే మధ్యాహ్నం రెండైనా తెగేది కాదు. ఒకాయనకు బస్సు డ్రైవరు మీద కోపం, ఒకావిడకు లెక్కల సారు మీద కోపం, ఇంకొకాయనకు అందరి మీదా కోపం! పోయినేడు నేను పగ్గాలు పట్టుకున్నాను. ఇప్పుడు రెండువందల డెబ్బై మంది పేరెంట్స్‌తో పద్దెనిమిది నిమిషాల్లో మీటింగు ముగిసిపోతోంది. తలకు నాలుగు సెకన్లు. ఏ అసెంబ్లీకైనా చేతనవుతుందా?

ఇందులో రహస్యమేమీ లేదు. తిరుపతి వాళ్ళకు క్యూ గురించి ఒకరు నేర్పాలా? ఏటా వారం రోజులు కొండ మీద సేవకు పోయి, "జరగండి, జరగండి" అంటూ గొంతు పోగొట్టుకున్నవాణ్ణి నేను. ఆ అనుభవాన్నంతా బడికి ధారపోశాను. టోకెన్లు కొట్టించాను. వరండాలో కట్టెలు పాతించి వరస ఏర్పాటు చేశాను. ఆరో తరగతి, ఏడో తరగతి గదులను కంపార్టుమెంట్లుగా మార్చాను. వరస చివర ప్రిన్సిపాల్ దేవరాజులు గారు కుర్చీలో కూర్చుంటారు. ఆయన్ను దాటగానే లడ్డూ కౌంటరు. కంపార్టుమెంట్లో కాచుకున్న రెండు గంటలు మీటింగు లెక్కలోకి రావని గమనించగలరు.

ఇక మా ఊరివాళ్ళ అలవాటు చూడండి! పేరెంటు ఇంటి దగ్గర్నుంచి పది ఫిర్యాదులు బట్టీపట్టుకుని వస్తాడు. దేవరాజులు గారి ముందుకు రాగానే రెండు చేతులూ వాటంతటవే జోడవుతాయి. మా వాలంటీరు భుజం మీద చెయ్యేసి "జరగండి" అంటాడు. జరుగుతాడు. చేతిలో లడ్డూ పడుతుంది. గేటు దాటాక పక్కాయనతో, "ఈసారి శానా దగ్గర్నుంచి సూసినానప్పా!" అని మురిసిపోతాడు. ఫిర్యాదులు గుర్తొచ్చేసరికి ఆటో ఎక్కేసి ఉంటాడు.

ఇంకా అడగాలని ఉబలాటపడేవారి కోసం సలహాల పెట్టె చేయించాను. టేకు పెట్టె, దానికి జానెడు ఇత్తడి గడియ, గడియకు తాళం. సలహాలను దొంగలెత్తుకుపోతే ఎట్లా? తాళంచెవి ప్రిన్సిపాల్ గారి దగ్గర ఉంది. పెట్టెను ఇంతవరకు ఒక్కసారి కూడా తెరవలేదంటే ఎంత భద్రమో మీరే ఊహించుకోండి.

ఇంత చక్కటి వ్యవస్థను కూడా చెడగొట్టే మనుషులుంటారు. బస్టాండు దగ్గర ఇడ్లీలమ్ముకునే మునిరత్నమ్మ అలాంటి మనిషి. ఆమె కూతురు భానుప్రియ ఎనిమిదో తరగతిలో మా అమ్మాయి కమలినికి జోడు. పోయిన మీటింగులో ఈవిడ తన నాలుగు సెకన్లలో చేతులు జోడించలేదు!

"సార్, ఆడబిడ్డల బాత్రూము తలుపుకు గడియ లేదు. మా పాప బడికొస్తే నీళ్ళు తాగేదే మానేసింది."

క్యూ మొత్తం ఆగిపోయింది. గడియారం చూసుకుని నేను పరిగెత్తుకొచ్చాను.

"అది అజెండాలో లేదమ్మా. చీటీ రాసి పెట్టెలో వేయి."

"మూడుసార్లు ఏసినాను సామీ. ఆ పెట్టెకుండే గడియ తలుపుకుండుంటే నేనీడికి వచ్చేదాన్నే కాదు."

క్రమశిక్షణ లేని మాట! రెండో లడ్డూ ఇప్పించి ఆమెను జరిపించాను. మీటింగు పంతొమ్మిది నిమిషాలైంది. ఆ ఒక్క నిమిషానికి నేను ఆ రోజంతా బాధపడ్డాను.

వారం తిరక్కుండానే మా కమలినికి చలిజ్వరం. మూత్రంలో ఇన్ఫెక్షనని డాక్టరమ్మ చెప్పింది. నా భార్య కల్యాణవల్లి బడి సంచిలోంచి నీళ్ళ బాటిల్ తీసి నా ముందు పెట్టింది. నిండుగా ఉంది.

"రోజూ ఇట్లాగే తెస్తోంది. మీరే అడగండి."

అడిగాను.

"గడియ లేదు నాయనా. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు తలుపు పట్టుకోవాల. భానుప్రియ రాని దినం నేను పోనే పోను. అందుకే నీళ్ళు తాగను."

"మరి నాకు చెప్పలేదేమ్మా?"

"చెప్పినాను. మీటింగు పనిలో ఉండాను, తర్వాత చూద్దామన్నావు."

నాకు సిగ్గేసింది. కార్యదర్శికి కాదు, ఆ పిల్ల తండ్రికి.

తర్వాతి మీటింగుకు నేనూ టోకెన్ తీసుకున్నాను. నలభై ఒకటో నంబరు. ఏం అడగాలో కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. కంపార్టుమెంట్లో రెండు గంటలు కూర్చున్నాను. దేవరాజులు గారి ముందుకు వచ్చాను. చేతులు రెండూ జోడయ్యాయి! నేను తర్ఫీదిచ్చిన వాలంటీరే నన్ను జరిపేశాడు. కాగితం జేబులోనే ఉంది, లడ్డూ చేతికొచ్చింది.

మీటింగు తర్వాతి సోమవారం ఉదయం బడిలో ఘోరం బయటపడింది. సలహాల పెట్టెకు గడియ లేదు! ఎవరో ఊడబెరికి తీసుకుపోయారు. లోపల చీటీలు మాత్రం అన్నీ ఉన్నాయి. పోయిన గడియ ఆడపిల్లల బాత్రూము తలుపుకు లోపలి వైపున దొరికింది. బడి ఆస్తిని అజెండాలో లేని చోట బిగించడమా! దేవరాజులు గారు మండిపడి ఏకసభ్య విచారణ సంఘం వేశారు. ఆ సభ్యుణ్ణి నేనే.

మొదట మునిరత్నమ్మను విచారించాను.

"నాకేం తెలుసు సామీ," అంది నా కుడిచేతికేసి చూస్తూ. "మేకులన్నీ వంకరగా కొట్టినారు. ఎవురో సుత్తి పట్టడం రానోళ్ళు."

కమలిని బాటిల్ ఇప్పుడు ఖాళీగా ఇంటికొస్తోంది. విచారణ నివేదిక మాత్రం ఆలస్యమవుతోంది. నా బొటనవేలికి కట్టు ఉంది, కలం పట్టలేకపోతున్నాను. వేలికి దెబ్బ ఎట్లా తగిలిందనే విషయం అజెండాలో లేదు.