పసుపన్నపు శిఖరం కోసం జరిగిన మహాసంగ్రామం

మెరాపి పర్వతం మధ్యాహ్నపు మబ్బులను తలపాగాగా చుట్టుకుని, కునికిపాట్ల నడుమ పొగ వదిలే ముసలి చక్రవర్తిలా ఉత్తర దిక్కును కాపలా కాస్తూ ఉండగా, వేసవి చివరి గాలి జావా దీవిలోని యోగ్యకర్తా నగర వీధుల్లో మోటారుసైకిళ్ల పొగనూ వేయించిన వేరుసెనగల వాసననూ పక్షపాతం లేకుండా పంచిపెడుతూ ఉండగా, కలియురాంగ్ రోడ్డు పక్క సందులోని మా పెద్దమ్మ ఇంట ఆ శనివారం నాడు కొలువుదీరి ఉన్నవారు వీరు.

మొదట గృహస్వామిని, మా పెద్దమ్మ, డాక్టర్ శ్రీ వెనింగ్, విభాగమంతటికీ 'బు', అంటే అమ్మగారు. విశ్వవిద్యాలయ వైద్యశాల మత్తువైద్య విభాగానికి యౌవనాన్నంతా ధారపోసిన వీరవనిత. వెన్నుపూసల నడుమ వెంట్రుకవాసి సందును కళ్లు మూసుకుని వెతికి సూది దింపగల సూచీముఖ ధనుర్ధారిణి. ఉపవాసనియమ చండశాసని. శస్త్రచికిత్సకు ముందు ఒక్క బిస్కెట్టు నమిలిన నేరానికి జిల్లా అధికారినైనా బల్ల మీద నుంచి దింపి ఇంటికి పంపిన నిర్దాక్షిణ్య. సోమవారం నుంచి ఆమెకు పదవీ విరమణ.

రెండవవారు ఆచార్య రెత్నో పలుపి, మా పెద్దమ్మ నోట 'జెంగ్', అంటే చెల్లెమ్మ. ఒకప్పుడు మా పెద్దమ్మ దగ్గరే సూది పట్టడం నేర్చుకుని, ఆనక సూది కాస్త తగ్గించి కలం పట్టి, ఎవరూ చదవని పత్రికల మీద ఎవరికీ అర్థంకాని వ్యాసాలను పుంఖానుపుంఖంగా సంధించి, ఈ మధ్యనే ప్రొఫెసర్ పదవీదుర్గాన్ని స్వాధీనం చేసుకున్న సకలపత్రికాదిగ్విజయిని.

మూడవవాడు విభాగాధిపతి డాక్టర్ సితోహాంగ్, అందరికీ 'పాక్', అంటే అయ్యగారు. సుమత్రా దీవిలో తోబా సరస్సు ఒడ్డున పుట్టిన బతాక్ జాతి వీరుడు. ఆ ఒడ్డున మనుషులు కావాలంటే కావాలంటారు, వద్దంటే వద్దంటారు. జావా వాళ్ల మధ్య ఇన్నేళ్లుగా కాపురం ఉంటున్నా ఆయనకు ఆ జబ్బు నయం కాలేదు.

నాల్గవవాడు డాక్టర్ యుధో. ఆ అధిపతి పదవికే పోటీ చేసి ఓడి, ఆ ఓటమి తాలూకు పగనంతా సితోహాంగ్ మీద తీర్చుకునే వీలు లేక కోడి తొడల మీద తీర్చుకుంటున్న క్షతగాత్రుడు.

వీరు కాక, చాపల మీద మఠం వేసుకుని కూర్చున్న అధ్యాపక సేనావాహిని. గోడకు ఆనించిన ఫోటోలో, ఈ ఏడే కాలం చేసిన విభాగ సంస్థాపకుడు హర్జోనో గారు. వంటింటి తెర వెనక నేను.

ఇక సభామధ్యాన, అరిటాకు పరిచిన వెదురు చేటలో, కొబ్బరిపాలలో ఉడికి, పసుపుతో పసిడి రంగు తేలి, మెరాపికి స్వయానా చిన్న చెల్లెలన్నట్టు నిటారుగా నిలబడి ఉంది తుంపెంగ్ అనే అన్నపు గోపురం. దాని పాదాల చెంత కోడికూర, గుడ్లు, కొబ్బరి కోరు కలిపిన ఆకుకూరలు, సోయాగింజలు పులియబెట్టి చేసి వేయించిన తెంపే ముక్కలు సామంతరాజుల్లా సాగిలపడి ఉన్నాయి. శిఖరాగ్రాన ఎర్ర మిరపకాయ కిరీటమై వెలుగుతోంది. ప్రార్థన ముగిశాక ఆ కొనను కోసి ఎవరి పళ్లెంలో పెడతారో వారే ఆనాటి సభలో అగ్రపూజార్హులు. తక్కిన పర్వతమంతా ఎవరు మింగినా అది ఉత్త భోజనం. గౌరవమంతా ఆ పిడికెడు కొనలోనే ఉంది.

ఆ విభాగంలో ఎవరు ఏ ఘనకార్యం సాధించినా తుంపెంగ్ వండినది మా పెద్దమ్మే. ఆ కొనలు డీన్‌లకు వెళ్లాయి, డీన్‌ల మామగార్లకు వెళ్లాయి, అది కేకు కాబోలనుకుని కొవ్వొత్తి కోసం వెతికిన విదేశీ అతిథికి కూడా వెళ్లాయి. వండిన చేతికి మాత్రం ఒక్కనాడూ రాలేదు. ఆ పొద్దున అన్నాన్ని అచ్చులోంచి దింపి, కొనను రెండు వేళ్లతో నునుపు చేస్తూ, ఆమె మెల్లగా అంది: "ఈసారి నాకే ఇస్తారు. ఇంకెవరికిస్తారు. సోమవారం నుంచి నేను రానుగా." ఆ మాట నాతో అన్నది కాదు, అన్నంతో అన్నది.

అంతట విభాగాధిపతి లేచి, కంఠభేరిని సవరించుకుని, ఆ సంవత్సరపు జయాపజయాలను సభకు ఎరుకపరిచాడు.

"సాధించినవి ముందు చెప్తాను. రెత్నో గారు ప్రొఫెసర్ అయ్యారు. తనిఖీలో మన విభాగానికి మంచి గ్రేడు వచ్చింది. బ్యాడ్మింటన్‌లో ఎముకల డాక్టర్లని ఓడించాం. ఇక కోల్పోయినవి. హర్జోనో గారు పోయారు. కొత్త అల్ట్రాసౌండ్ మెషిను లిఫ్టు దగ్గర కిందపడి పోయింది. సోమవారం నుంచి వెనింగ్ గారు కూడా ఉండరు. అంతే. తిందాం."



"బు వెనింగ్ పేరు మెషిను తర్వాతా?" అని ఒకామె పక్కామెతో గుసగుసలాడింది.

"మెషినుకైతే వారంటీ ఉంది కదమ్మా," అన్నాడు యుధో, ప్రార్థనకు ముందే చిక్కించుకున్న ఎముక పీల్చుకుంటూ.

మా పెద్దమ్మ చిరునవ్వు చెదరలేదు. నష్టాల పట్టికలో, ఒక మృతుడికీ ఒక పగిలిన యంత్రానికీ తోడుగా తన సేవాజీవితమంతా సమాధి అయినా ఆ మహాసాధ్వి కళ్లు చేటలోని శిఖరం మీదే నిలిచి ఉన్నాయి. పట్టికలో చోటు పోతే పోయింది. కొన మిగిలే ఉంది.

ప్రార్థన ముగిసింది. సితోహాంగ్ కత్తి దూశాడు. స్వర్ణశిఖరం కిరీటంతో సహా మొండెం నుంచి వేరై, పింగాణీ పళ్లెమనే రథాన్ని అధిరోహించి, సభను చీల్చుకుంటూ వచ్చి వచ్చి మా పెద్దమ్మ ఎదుట ఆగింది. తెర వెనక నా గుండె ఆగింది.

"బు, తీసుకోండి. మీకే."

ఇక్కడ జావా దేశపు మర్యాదాయుద్ధనీతి ఒకటి తెలుసుకోవాలి. ఎవరైనా గౌరవం చేయబోతే మొదటిసారి కాదనాలి. రెండోసారి అంతకంటే గట్టిగా కాదనాలి. మూడోసారి, ఇంతమంది మాట తీసేయలేక, ఇష్టం బొత్తిగా లేకున్నా, ఏదో మీకోసం అన్నట్టుగా అందుకోవాలి. మొదటి పిలుపుకే చెయ్యి చాచినవాణ్ణి అతడి మనవల కాలం దాకా చెప్పుకుంటారు. కనుక మా పెద్దమ్మ, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నేర్చిన ఆ విద్యను ప్రయోగించి, తల ఒక పక్కకు వాల్చి, రెండు చేతులూ సున్నితంగా ఊపింది.

"అయ్యో, నాకెందుకండి పాక్. కొత్త ప్రొఫెసర్‌గారుండగా."

"సరేనండి," అన్నాడు సితోహాంగ్. పళ్లెం పట్టుకుని గిరుక్కున తిరిగి రెత్నో చేతుల్లో పెట్టేశాడు.

హతవిధీ. రెండవ ఆహ్వానపు భేరి మోగకుండానే, మూడవ ఆహ్వానపు జెండా ఎగరకుండానే, యావజ్జీవిత మనోరథమనే మహావృక్షం తోబా సరస్సు నుంచి వీచిన ఒక్క గాలికి కూకటివేళ్లతో కూలిపోయింది. ఎంత ఘోరమైన రక్తస్రావం చూసినా రెప్ప వాల్చని ఆ మత్తువైద్య సేన యావత్తూ ఎక్కడివారక్కడ బిగుసుకుపోయింది. ఒక్కరూ నోరు మెదపలేదు. మెదపడమెలా? ఆవిడకి నిజంగా కావాలి అని చెప్పడమంటే ఆవిడ అన్నది అబద్ధమని నిండు సభలో చాటడమే కదా.

ఆచార్య రెత్నో మాత్రం నీతి తప్పలేదు. పళ్లెం తన ఒడిలోకి లాక్కుంటూనే కాదంది.

"అబ్బే, నాకా? నేనెంతదాన్ని. వద్దులెండి." అలా వద్దంటూనే ఎడమ చేత్తో ఫోను తీసి పక్కామెకు అందించింది. "కొంచెం ఇటు నుంచి తియ్యి. మిరపకాయ కనబడాలి. విభాగం పేజీలో పెట్టాలి."

ఫోటో అయింది. రెత్నో వెండి చెంచా ఎత్తింది. ఆ చెంచా ఆకాశమార్గాన మెరుస్తూ శిఖరం మీదికి దిగుతున్న వేళ, సభ మూలనుంచి యుధో గొంతు వినబడింది. కోడి తొడ అడ్డం ఉన్నా ఆ కంఠం గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చేటంత గంభీరంగా ఉంది.

"ప్రొఫ్, మీకు సాయంత్రం ఎండోస్కోపీ కదా? మత్తు నేనే ఇవ్వాలిగా?"

రోగి రహస్యాన్ని ప్రాణంలా కాపాడాలని చేసిన ప్రమాణం యుధోకు ఆ క్షణాన గుర్తు రాలేదో, గుర్తొచ్చి మరీ పక్కన పెట్టాడో, ఆ దేవుడికే తెలియాలి. రెత్నో చెంచా అంతరిక్షంలో ఆగింది. వ్యాసాలు రాసి రాసి కడుపులో మంట తెచ్చుకుందన్న సంగతి ఆ విధంగా లోకవిదితమయింది.

"ఒక్క చెంచాకి ఏమవుతుంది," అంది రెత్నో.

ఆ మాట వినగానే సేన మొత్తం ఒక్కసారిగా తలెత్తింది. లోకంలోని ప్రతి రోగీ, ప్రతి రోగి తల్లీ, బల్ల మీద పడుకోబోతూ పలికే మాట అది. దాన్ని వినివినే వాళ్లందరి జుట్టూ నెరిసింది. ఆ మాట పలికినవారికి మత్తిస్తే, ఆ ఒక్క చెంచా పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని వాళ్లు కొన్ని వేలసార్లు, కొన్ని వేలమందికి, విసుగూ విరామం లేకుండా చెప్పి ఉన్నారు. ఇప్పుడా మాట సాక్షాత్తూ ఆచార్యుల నోటి నుంచే వెలువడింది.

అప్పుడు మా పెద్దమ్మ, గాయపడిన ఆడసింహం గుహలోంచి లేచినట్టు, చాప మీద మోకాళ్లు సవరించుకుని కూర్చుంది. ప్రళయకాల మేఘగర్జనను తలపించవలసిన ఆ కంఠం, నిద్రపోయే పిల్లాడి పక్కన మాట్లాడినట్టు చాలా మెల్లగా పలికింది.

"జెంగ్ రెత్నో, నిరుడు ఆ బస్సు కండక్టరు గుర్తున్నాడా? హెర్నియా ఆపరేషను. లవంగం బిళ్ల చప్పరించాడని బల్ల మీంచి దింపేశావు. వాడి పెళ్లాం వరండాలో కూర్చుని ఏడ్చింది. నియమమంటే నియమమే అన్నావు. నువ్వు చేసింది కరెక్టే. నీకు ఆ మాట నేర్పింది నేనే."

"అది బిళ్ల బు. ఇది…"

"ఇది అన్నం. కొబ్బరిపాలు పోసి వండాను. ఇంకా మెల్లగా అరుగుతుంది."

"తింటానంటే తినండి ప్రొఫ్, నాకేం," అన్నాడు యుధో, ఎన్నికలయ్యాక మొదటిసారి ముఖం వికసించి. "ఇవాళ్టిది కొట్టేస్తాను. మళ్లీ ఎప్పుడు ఖాళీ దొరుకుతుందో చూసి చెప్తాను. చాలా రద్దీగా ఉంది."

చెంచా దిగింది. సకలపత్రికాదిగ్విజయిని, మెతుకైనా నాలుక మీద పడకుండానే పరాజిత అయి, పళ్లేన్ని ముందుకు తోసింది.

"అయితే మీరే తీసుకోండి బు."

ఇది రెండో ఆహ్వానమా? కాదు. చేయి మారింది కనుక లెక్క మళ్లీ మొదటికొచ్చిందని నీతికోవిదులందరికీ తెలుసు. మా పెద్దమ్మకూ తెలుసు. ఆమె నీతిని వదల్లేదు.

"నాకెందుకు జెంగ్. పిల్లలెవరికైనా పెట్టు."

"తీసుకోండి బు, పర్లేదు."

"వద్దమ్మా. ఉప్పు తగ్గించమన్నారు నన్ను."

రెండు పిలుపులు, రెండు తిరస్కారాలు. మిగిలింది మూడవది. ఆ క్షణాన ఆచార్య రెత్నో కళ్లలో, ఖాళీ కడుపులోంచి పుట్టిన ఒక చిన్న మెరుపు మెరిసింది. మూడోసారి అడగవలసిన ధర్మం ఆమెదే. అడగకపోయినా ఎవరూ తప్పు పట్టలేరు. వద్దంది, రెండుసార్లు వద్దంది, ఇక నేనేం చెయ్యను అంటే లోకం ఏమంటుంది? తాను తినలేని కొనను ఇంకెవరూ తినకుండా చేసే బ్రహ్మాస్త్రం, కేవలం పెదవులు మూసుకోవడమనే అస్త్రం, ఆమెకు దొరికింది. ఆమె దాన్ని ప్రయోగించింది. చీరంచు సర్దుకున్నట్టు నడుముకు చుట్టిన బాతిక్ గుడ్డ సర్దుకుని, కిటికీ వైపు చూస్తూ మౌనం దాల్చింది.

కొన అనాథగా పడి ఉంది. మిరపకాయ ఒక పక్కకు ఒరిగింది. మా పెద్దమ్మ చిరునవ్వు మాత్రం అలాగే ఉంది, గోడకు కొట్టిన మేకులా. ఆ నవ్వు వెనక జరుగుతున్నది నాకు తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల పళ్లేల్లోకి వెళ్లిన కొనలన్నీ ఒక్కొక్కటే ఆమె కళ్ల ముందు నడిచిపోతున్నాయి.

అప్పుడు తోబా తీర సంజాతుడు, ఇంతసేపూ ఈ వైపు నుంచి ఆ వైపుకు తల తిప్పుతూ, ఎవరు ఎవరితో యుద్ధం చేస్తున్నారో అర్థంకాక నుదురు చిట్లించుకుని కూర్చున్న సితోహాంగ్, ఆ పుణ్యభూమిలో ఇంతవరకూ ఏ నోరూ పలకడానికి సాహసించని ప్రశ్నను తాపీగా పలికాడు.

"బు, అసలు మీకు కావాలా, వద్దా?"

ఎవరి పళ్లెంలోనో చెంచా జారి ఠంగుమంది. ఒక వృద్ధ అధ్యాపకుడు కళ్లు మూసుకున్నాడు. సరాసరి ప్రశ్న. తప్పించుకునే సందు లేని ప్రశ్న. వద్దంటే కొన శాశ్వతంగా పోతుంది. కావాలంటే పరువు పోతుంది.

మా పెద్దమ్మ తల వంచుకుంది. ఏ వెన్నులోనూ వణకని ఆ చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తర్వాత, జన్మలో ఎన్నడూ ఎక్కని కొండను ఎక్కుతున్నదానిలా ఒక్క ఊపిరి తీసుకుని, ఆ ధీరోదాత్త, ఆ నిర్భీక, ఆ మర్యాదాశృంఖలాచ్ఛేదిని, మూడే అక్షరాలు పలికింది.

"కావాలి."

ఆ శబ్దానికి దిక్కులు పిక్కటిల్లలేదు. ఫ్యాన్ కూడా ఆగలేదు.

"మరి ముందే చెప్పొచ్చుగా," అన్నాడు సితోహాంగ్, పళ్లెం తెచ్చి ఆమె చేతుల్లో పెడుతూ. "ఎంతసేపు తిప్పారండి నన్ను."

యుధో చప్పట్లు మొదలుపెట్టాడు. తక్కినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని అందుకున్నారు. ఆ విధంగా, ప్రొఫెసర్ పదవి రాకపోయినా, పట్టికలో యంత్రం తర్వాత పేరు పడినా, మత్తువైద్య విభాగ సమస్త సేనా సమక్షంలో, పిడికెడు చల్లారిన అన్నాన్నీ ఒరిగిన ఒక మిరపకాయనూ పోరాడి గెలుచుకున్న మా పెద్దమ్మ, త్రిభువన విజేత్రిలా పళ్లేన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఎవరికీ ఒక్క మెతుకు పంచకుండా, తన గది వైపు నడిచింది.

వెనకాలే ఆచార్య రెత్నో ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"బు, ఒక్క నిమిషం. ఇందాకటి ఫోటోలో కళ్లు మూసేశాను. తిననులెండి, ఊరికే పట్టుకుంటానంతే."

గడప మీద మా పెద్దమ్మ ఆగింది. ఎంతో ప్రేమగా ఆమె వైపు చూసింది.

"ఖాళీ కడుపుతో ఫోటో ఏం బాగుంటుంది జెంగ్. పరీక్ష అయ్యాక రా, గంజి కాచి పెడతాను," అని, రెత్నో మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టుకుంది.